దేవకుమారి రంగు

రామచంద్రపురం బాప్టిస్టు చర్చిలో స్త్రీల సమాజానికి దేవకుమారి టీచరుగారు ఎన్నేళ్ళుగా అధ్యక్షురాలో తేల్చడానికే సమాజం వాళ్ళకి రెండు సమావేశాలు పట్టింది. లెక్క ఎలా తేలినా ఆవిడ ఇక దిగిపోతానంటోంది. అందుకని క్రిస్మస్‌కి ముందు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సన్మానం చెయ్యాలనీ, ఆవిడ ఫోటో పెద్దది ఒకటి చర్చి పక్కనున్న హాల్లో గోడకి పెట్టాలనీ తీర్మానించారు. ఆ గోడ మీద ఇప్పటిదాకా పాస్టరుగార్ల ఫోటోలే ఉన్నాయి. సమాజం కార్యదర్శి ఆశాజ్యోతి ఒకప్పుడు టీచరుగారి దగ్గరే అక్షరాలు దిద్దుకున్న పిల్ల. ఈ కబురు చెప్పడానికి ఇంటికొచ్చి, ఫోటో సంగతి మాస్టారుగారికే వదిలేశామండీ అని చెప్పి, కాఫీ తాగి వెళ్ళింది.

వదిలేశామండీ అన్న దగ్గరే దేవకుమారి గుండెలో రాయి పడింది.

మాస్టారుగారంటే ఆవిడ భర్త జీవరాజు. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. రిటైరైన మగవాళ్ళు కొందరు పేపరు పట్టుకుంటారు, కొందరు కాలవ గట్టున నడక పట్టుకుంటారు, ఈయన ప్రింటరు పట్టుకున్నాడు. ముందు గదిలో సగం దాని రాజ్యమే. ఆరు రంగుల ఇంకు ట్యాంకులున్న ప్రింటరు, పక్కన కంప్యూటరు, బల్ల కింద బిస్కట్ల డబ్బాల్లో ఫోటో కాగితాలు. కాలవల మధ్య ఊరు కదా, గాలిలోనే సగం నీళ్ళుంటాయి. కాగితం బయట వదిలేస్తే సాయంత్రానికి అప్పడంలా వంకర తిరుగుతుంది. అందుకని డబ్బాల్లో పెట్టి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు ఎక్కడెక్కడివో ఏరి తెచ్చి అందులో వేస్తాడు. ఆ డబ్బాల మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఇంట్లో యుద్ధమే.

చర్చికి వెళ్ళే మతం కాకుండా ఆయనకి ఇంకో మతం ఉంది. ఫోటో అంటే ఉన్నది ఉన్నట్టు రావాలి. బజారు స్టూడియోల వాళ్ళు మొహాలకి సున్నం కొట్టి ఇస్తారనీ, మనిషిని మనిషిగా వేసేది ఈ ఊళ్ళో తనొక్కడేననీ ఆయన నమ్మకం. దొరికినవాణ్ణల్లా కూర్చోబెట్టి ప్రొఫైలు అంటే ఏంటో చెబుతాడు. ఒకే ఇంకు ఒక కాగితం మీద ఇంకిపోతుంది, ఇంకో కాగితం మీద నిలబడుతుంది. ఫలానా కాగితం ఫలానా ఇంకుని ఎలా తాగుతుందో చెప్పే చిన్న ఫైలే ప్రొఫైలు, కాగితం కంపెనీ వాడే ఇస్తాడు. నిగనిగలాడే గ్లాసీ కాగితానికి పెట్టాల్సింది నిగారింపు లేని మ్యాట్ కాగితానికి పెడితే మొహం ఎక్కడికక్కడ మడ్డిగా తయారవుతుంది. ఇదంతా నిజమే, దేవకుమారికి కంఠతా వచ్చు. గ్లాసు ఖాళీ అయినా లేవలేక ఇబ్బంది పడుతున్న అతిథిని లోపల్నుంచి ఏదో పని మీద పిలిచి విడిపించేది ఆవిడే.

ఇంత బోధ చేసే మనిషి చేతిలోంచి వచ్చే ఫోటోలు మాత్రం వేరేలా ఉంటాయి. ప్రతి మొహం తెల్లగా, ఆ తెలుపులో కొంచెం నీలంగా, ఎండ కన్నెరగనట్టు ఉంటుంది. జన్మంతా చేలో వంగి నాట్లు వేసి కమిలిపోయిన చిట్టియ్య కూడా ఆయన ప్రింటులో పాలలో ముంచి తీసినట్టు కనబడతాడు. బాప్తిస్మాలకీ పెళ్ళిళ్ళకీ, పిల్లలు పదో తరగతి పాసైతే దానికీ మాస్టారి చేత ఫోటో వేయించుకోవడం చర్చిలో ఆనవాయితీ అయిపోయింది. మాస్టారి దగ్గర వేయించుకుంటే కలర్ వచ్చేస్తుందండీ అని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆయన ఎదట మాత్రం చాలా బాగుందండి అని ఊరుకునేవాళ్ళు. ఆయనేమో తన ప్రొఫైళ్ళని మెచ్చుకుంటున్నారనుకుని పొంగిపోయేవాడు. మన వైపు మర్యాద అలాంటిది. తిట్టడమే కాదు, మెచ్చుకున్నదేంటో కూడా విప్పి చెప్పం.

మొదట్లో ఆయన ప్రింట్లు ఇలా ఉండేవి కావు. ప్రింటరు కొన్న కొత్తలో ఎవరి రంగు వాళ్ళకే వచ్చేది. ఏడాదికేడాదీ కొంచెం కొంచెంగా తెల్లబడుతూ వచ్చాయి. దేవకుమారి అది గమనించింది గానీ పట్టించుకోలేదు. జనానికి నచ్చేదేంటో ఆయనకి తెలిసిపోయింది, అదే ఇస్తున్నాడు, పైకి మాత్రం ఉన్నది ఉన్నట్టు అంటున్నాడు, మగవాళ్ళ గొప్పలు ఇంతే అనుకుని నవ్వుకుంది. తన ఫోటో కూడా అలాగే వచ్చిన రోజున మాత్రం ఆవిడకి అన్నం సహించలేదు.

ఎందుకంటే దేవకుమారిది చామనఛాయ కూడా కాదు, దానికి రెండు మెట్లు కింద. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు జీవరాజు మేనత్త, పిల్ల మంచిదే గానీ కొంచెం కలర్ తక్కువ అని నలుగురిలో అనేసింది. లోపలి గదిలో ఉన్న పిల్లకి వినబడాలనే అంది. అప్పుడే ఉద్యోగంలో చేరిన డ్రాయింగ్ మాస్టారు దానికి జవాబుగా, ఎంత కలిపినా తన రంగుల పెట్టెలోంచి ఆ రంగు రాదనీ, అందుకే ఈ పిల్లనే చేసుకుంటాననీ చెప్పాడు. ఆ మాట మీదే ఆవిడ ఇంతకాలం కాపురం చేసింది. అత్తగారి సాధింపులూ, ఆడబడుచుల ఎత్తిపొడుపులూ, బదిలీల మీద బదిలీలూ అన్నీ ఆ ఒక్క మాట ధైర్యంతో దాటేసింది. అలాంటి మనిషి ముసలితనంలో తన మొహానికి సున్నం కొడుతున్నాడంటే, ఆనాటి మాట అబద్ధమైనా అయ్యుండాలి, ఆయన మనసైనా మారి ఉండాలి. తన రంగుకి ఆయన సిగ్గుపడుతున్నాడు. ఆవిడకి ఇంకే కారణమూ తోచలేదు. అడిగేద్దామని చాలాసార్లు అనుకుంది గానీ, అడిగితే నిజం చెప్పేస్తాడేమోనని భయపడి ఊరుకుంది.

ఇంట్లో గోడ మీద ఉన్న ఫోటో అంటే ఎలాగో సర్దుకుంది, అటు చూడటం మానేసింది. ఇప్పుడిది చర్చి హాలు. తను పోయాక కూడా అక్కడే ఉంటుంది. ఇంకెవరో తెల్లావిడ కింద తన పేరు రాసి ఉంటుంది. అది తల్చుకుంటే ఆవిడకి తట్టుకోలేనంత బాధ కలిగింది. ఆ రాత్రి భోజనాల దగ్గర, పప్పు వడ్డిస్తూ, ఎన్నాళ్ళుగానో నోట్లో నానుతున్న మాట చివరికి బయటపెట్టింది.

"ఈసారి నన్ను నా రంగులో వెయ్యండి."

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది జీవరాజుకి. ఎప్పుడు వెయ్యలేదని అడిగాడు. దేవకుమారి గరిటె గిన్నెలో పెట్టేసింది. ఆయన ఆవిడ వంక కాసేపు చూసి, సరే, నీ ఇష్టం వచ్చినట్టే వేస్తానులే అన్నాడు. ఆ అనడంలో ఏదో చిన్నబుచ్చుకున్న ధోరణి ఉంది. ఎందుకో ఆవిడకి అంతుపట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిణ్ణి వీధి అరుగు మీద కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఆకుపచ్చ నేత చీర, మెడలో సన్న గొలుసు. కెమెరా వెనక చూసుకుంటే బాగానే వచ్చింది. దేవకుమారికి కూడా నచ్చింది. వచ్చిన చిక్కంతా కాగితం మీదే. మొదట గ్లాసీ మీద వేశాడు. ప్రింటరు కిర్రుకిర్రుమంటూ ఒక్కో గీతా గీస్తూ ఉంటే దేవకుమారి పక్కనే నిలబడింది. ముందు నుదురు వచ్చింది, తరవాత కళ్ళు. కళ్ళు వచ్చేసరికే ఆవిడకి తెలిసిపోయింది. ఇది నేను కాదండీ అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జీవరాజు లస్టర్ మీద వేశాడు. లస్టర్ అంటే గ్లాసీ అంత మెరవకుండా సన్న గరుకుతో ఉండేది, పెళ్ళి ఆల్బముల్లో వాడే రకం. అందులో మెరుపు తగ్గింది గానీ తెలుపు తగ్గలేదు. ఇదీ కాదంది. ఆయన పెద్దగా నిట్టూర్చి కంప్యూటరులో పసుపు ఇంకాస్త తగ్గించాడు, వెలుతురు ఇంకాస్త పెంచాడు. ఈసారి వచ్చిన ఫోటో చూసి దేవకుమారికి కోపం కూడా రాలేదు. తను ఒద్దన్న కొద్దీ ఆయన ఇంకా తెల్లగా వేస్తున్నాడు. పంతానికి చేస్తున్నాడనుకుంది. అంత పంతం తన మీద దేనికో తెలియక వంటింట్లో ఒక్కతే కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

కాగితాలదే తప్పని తేల్చి జీవరాజు రాజమండ్రి బయల్దేరాడు. తను కూడా వస్తానంది దేవకుమారి. మండపేట మీదుగా బస్సులో వెళ్ళారు. మెయిన్ రోడ్డులో లోకనాథ్ షాపు. తాతల నాడు పలకలూ బలపాలూ అమ్మిన కొట్టు, ఇప్పుడు కంప్యూటరు కాగితాలూ ఇంకులూ అమ్ముతున్నారు. జీవరాజు మాస్టారు వచ్చారంటే లోకనాథ్‌కి సగం పూట పోయినట్టే. అయినా కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చి, చెప్పండి మాస్టారూ అన్నాడు. క్రితంసారి పట్టుకెళ్ళిన కాగితం పాతబడి పసుపెక్కిందని మాస్టారి ఫిర్యాదు. లోకనాథ్ కొత్త ప్యాకెట్లు రెండు విప్పి చూపించాడు. ఒకటి కళ్ళు జిగేల్మనే తెలుపు. రెండోది నేచురల్ వైట్ అని పత్తి కలిసిన మ్యాట్ కాగితం. మొదటి దాంట్లో పంచెకి నీలిమందు పెట్టినట్టు తెల్లదనం కోసం మందు కలుపుతారనీ, అది కొన్నేళ్ళకి విరిగిపోతుందనీ, గోడ మీద కలకాలం ఉండాలంటే రెండోదే మంచిదనీ, మనుషుల మొహాలకి కూడా అదే నప్పుతుందనీ చెప్పాడు. దాని ప్రొఫైలు కూడా కంపెనీ సైట్లో ఉందన్నాడు.

జీవరాజు రెండో కాగితాన్ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశాడు. పాత వార్తాపత్రిక రంగులో ఉన్న సరుకుని నేచురల్ అని పేరుపెట్టి అంటగడుతున్నారని షాపులో అందరూ వినేలా అన్నాడు. లోకనాథ్ మొహం ఎర్రబడింది గానీ మాట జారలేదు, మీ ఇష్టమండి అన్నాడు. దేవకుమారి ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూసింది. పాలకీ మజ్జిగకీ ఉన్నంత తేడా కూడా లేదు రెండింటికీ. ఈయనకి పసుపు ఎక్కడ కనబడిందో ఆవిడకి అర్థం కాలేదు. మొండితనమే అనుకుంది. కళ్ళు జిగేల్మనే ప్యాకెట్టే కొనుక్కుని ఇంటికొచ్చారు.

దాని మీద వేసిన ఫోటో చూశాక దేవకుమారి చివరి ప్రయత్నంగా ఒక మాట అడిగింది. ఫోటో నా పక్కన పెట్టి ఒక్కసారి నన్నూ దాన్నీ చూడండి అంది. జీవరాజుకి నవ్వొచ్చింది.

"నిన్ను చూసి పోల్చాలా? పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నాను. నీ రంగు నాకు కంఠతా," అన్నాడు, స్క్రీను మీంచి తల తిప్పకుండానే.

అంతే, ఆవిడ ఇక ఆ ఊసెత్తలేదు. ఆయన ఏది వేస్తే అది పెట్టనిద్దాం, సన్మానానికి వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చేద్దాం, మళ్ళీ ఆ హాల్లో అడుగు పెట్టకుండా ఉందాం అని నిర్ణయించుకుంది. మనసులో ఆయనకి కొంచెం దూరంగా జరిగి కూర్చుంది. జీవరాజుకి ఆ సంగతే తెలియదు.

ఈలోగా కంటి క్యాంపు వచ్చింది. స్త్రీల సమాజం ఏటా చర్చి ఆవరణలో పెట్టించే క్యాంపు అది, దేవకుమారి మొదలుపెట్టిందే. రాజమండ్రి నుంచి కంటి డాక్టర్లు వస్తారు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకి పరీక్షలు చేసి, శుక్లాల ఆపరేషను కావాల్సిన వాళ్ళకి తెల్ల చీటీ, కళ్ళజోడుతో సరిపోయే వాళ్ళకి లేత పసుపు చీటీ ఇస్తారు. ఏ చీటీ వాళ్ళు ఆ వరసలో కూర్చోవాలి. ఏటా ఫోటోలు తీసే జీవరాజుకి ఈసారి మనుషులు చాలక వరసలు చూసే పని కూడా అప్పగించారు. ఈ ఊళ్ళో సగం మందిని బతిమాలి కంటి పరీక్షకి కూర్చోబెట్టిన దేవకుమారి సొంత మొగుణ్ణి ఎన్నడూ కూర్చోబెట్టలేకపోయింది. నా కళ్ళకేం, రంగుల మధ్య పుట్టి పెరిగిన కళ్ళు అనేవాడు.

ఆ రంగుల మధ్య పెరిగిన కళ్ళు కాసేపట్లోనే క్యాంపుని అతలాకుతలం చేసేశాయి. కళ్ళజోడు వాళ్ళు ఆపరేషను బల్ల దగ్గరా, ఆపరేషను వాళ్ళు కళ్ళజోళ్ళ దగ్గరా తేలారు. కళ్ళజోడు కోసం వచ్చిన పాపాయమ్మ, ఆపరేషను అనే మాట వినేసరికి చెప్పులు కూడా వదిలేసి గేటు దాటేసింది. అందరూ తలో మాటా అంటుంటే, డాక్టరమ్మ నవ్వుతూ వచ్చి రెండు చీటీలు జీవరాజు చేతిలో పెట్టి ఏది తెల్లదని అడిగింది. ఆయన రెండూ ఒకటేగా అన్నాడు. ఆవిడ నవ్వు ఆపేసి, ఒకసారి ఇలా కూర్చోండి మాస్టారూ అంది.

రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయాయి. డాక్టరమ్మ దేవకుమారిని పిలిచి అర్థమయ్యేలా చెప్పింది. కంటి లోపల అద్దం లాంటిది ఒకటుంటుంది, అది ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పసుపెక్కి, ఇప్పుడు కాఫీ డికాషను రంగుకి తిరిగింది. మెల్లగా వచ్చింది కాబట్టి ఆయనకి తెలియలేదు. ఏది చూసినా మసగ్గా, పసుపు పచ్చగా కనబడుతూ ఉంటుంది, నీలాలు అసలు సరిగ్గా తెలియవు. కుడి కంటికి వెంటనే ఆపరేషను చేస్తామనీ, రెండోది నెలాగి చూద్దామనీ అంది.

దేవకుమారి తలూపింది గానీ ఆ మాటలు లోపల ఎక్కడో తగిలాయి. షాపులో కాగితం గుర్తొచ్చింది. కంప్యూటరులో ఎప్పుడూ పసుపు తగ్గిస్తూ, వెలుతురు పెంచుతూ కూర్చునే మనిషి గుర్తొచ్చాడు. అయితే అంత తేలిగ్గా సంతోషపడటానికి మనసొప్పలేదు. ఇన్నాళ్ళు మోసిన బాధ ఒక పసుపు చీటీతో పోతుందంటే నమ్మబుద్ధి కాలేదు.

రాజమండ్రిలో ఆపరేషనై, మర్నాడు కట్టు విప్పాక ఆయన ఆసుపత్రి గోడ చూసి ఇంత తెల్లగా ఎందుకుందని అడిగాడు. నర్సు ఏప్రాను నీలం చూసి మురిసిపోయాడు. కొన్నాళ్ళు అన్నీ కాస్త నీలంగానే అనిపిస్తాయి, అలవాటు పడేదాకా కంగారు పడకండి అని చెప్పి పంపించారు. దారి పొడుగునా బస్సు కిటికీలోంచి కోతలైన చేలూ, కాలవ నీళ్ళూ, ఎవరింటి ముందో ఆరేసిన చీరలూ చూస్తూ, ఒక కన్ను మూసి ఒకసారి, ఇంకో కన్ను మూసి ఒకసారి, చిన్నపిల్లాడిలా ఆడుకుంటూ వచ్చాడు. దేవకుమారి పక్కనే కూర్చుని ఒళ్ళో సంచీ సర్దుకుంటూనే ఉంది. ఇంటికెళ్ళాక ఏమవుతుందోనన్నదే ఆవిడ ఆలోచన.

ముందు గదిలోకి అడుగు పెట్టగానే గోడ మీద ఆవిడ పాత ఫోటో ఉంది. జీవరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. దగ్గరికెళ్ళి చూశాడు. కుడి కన్ను మూశాడు, తెరిచాడు. ఎడమ కన్ను మూశాడు. ఆ తరవాత బల్ల కింద డబ్బా లాగి, సన్మానం కోసం వేసిన ప్రింట్లన్నీ తీసి మంచం మీద వరసగా పరిచాడు. పరిచినవాటిని చూసి, తల తిప్పి దేవకుమారిని చూశాడు. మళ్ళీ వాటిని చూశాడు. మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"నా కంటికి ఇవన్నీ నీ రంగులోనే ఉన్నాయి. అయినా కాదంటుంటే, నువ్వు తెల్లగా వెయ్యమంటున్నావనుకున్నాను," అన్నాడు. "బజార్లో అందరూ అడిగేది అదే కదా. చివరికి నువ్వు కూడా అడిగావే అని మనసు విరిగింది. అయినా నీ ముచ్చట ఎందుకు కాదనాలని..."

దేవకుమారి చేతిలో సంచీ కింద పెట్టింది.

"మీకు నా రంగంటే సిగ్గేస్తోందనుకున్నాను."

జీవరాజు ఎప్పట్నుంచి అని మాత్రం అడిగాడు. ఆ గోడ మీది ఫోటో వేసిన దగ్గర్నుంచీ అని చెప్పింది. ఆయన లెక్కవేసుకున్నాడు కాబోలు, మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. ఆపరేషను కన్ను తడవకూడదండీ అని దేవకుమారి కంగారుపడి చేతులు లాగేసింది. ఆయన ఏడుస్తున్నాడు. అది చూసి ఆవిడకి జాలేసింది, సంతోషం కూడా వేసింది, ఆ రెండింటితో పాటు పట్టరాని కోపమూ వచ్చింది.

కాసేపటికి ఆయన తేరుకుని, పాడు శుక్లం ఎంత పని చేసింది, అంతా ఆ కన్ను వల్లే అన్నాడు. చెప్పుకోవడానికి ఒక కారణం దొరికిందన్న ఊరట ఆ గొంతులో వినబడింది. దేవకుమారి ఊరుకోలేదు.

"కన్నుది సగం తప్పేనండి. నా పక్కన కాగితం పెట్టి ఒక్కసారి చూసుంటే, ఆ మసక కళ్ళకి కూడా తేడా తెలిసేది. నేనూ దాంట్లోంచే కనబడేదాన్ని, కాగితమూ దాంట్లోంచే కనబడేది. అడిగాను కూడా. మీరు తల తిప్పలేదు."

జీవరాజు మంచం మీది ప్రింట్లు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో పెట్టాడు. మసకబారని రోజుల్లో చూసిన దేవకుమారిని కంఠతా పెట్టుకుని, ఆ జ్ఞాపకానికి సరిపోయేదాకా కాగితానికి తెలుపు పూస్తూ వచ్చాడు. ఎదురుగా గిన్నెలు తోముకుంటూ తిరుగుతున్న మనిషి వంక చూడాలనే తోచలేదు. ఈ సంగతి ఆయన ఆ రోజు సాయంత్రమంతా కూర్చుని ఆలోచించుకుని, పడుకునే ముందు ఆవిడకి ఒప్పుకున్నాడు. నన్ను క్షమించు అని కూడా అన్నాడు. డ్రాయింగ్ మాస్టారి నోట ఆ మాట రావడం ఆ ఇంట్లో పెద్ద విశేషమే. దేవకుమారి ఆలోచిస్తానంది.

డాక్టరు చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించి, కాస్త కుదుటపడ్డాక ఆయన రాజమండ్రి వెళ్ళి లోకనాథ్‌కి క్షమాపణ చెప్పుకున్నాడు. అదేం లేదండీ మాస్టారూ అని లోకనాథ్ కుర్చీ వేయించి, నేచురల్ వైట్ కాగితం కట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి ప్రింటరులో ఏళ్ళ తరబడి తను పెంచిందీ తగ్గించిందీ అంతా సున్నాకి తెచ్చాడు. ప్రింటరు సొంత తెలివి ఉపయోగించకుండా దాని సర్దుబాట్లన్నీ ఆపేసి, ఆ కాగితానికి కంపెనీ వాడిచ్చిన ప్రొఫైలు ఒక్కటే పెట్టాడు. వేసిన వెంటనే చూడకూడదు, మ్యాట్ మీద ఇంకు ఆరితేగాని రంగు కుదురుకోదు. అందుకని ఒక పూట ఆగారు. మర్నాడు పొద్దున ఎండ ముదరకముందు ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. జీవరాజు ఆపరేషను కాని కంటికి జేబురుమాలు కట్టుకున్నాడు. ఆపరేషనైన కన్నుని కూడా నమ్మలేనని, అది ఇంకా అన్నీ నీలంగా చూపిస్తోందని చెప్పి, కాగితం మీద మొహం పక్కనే దేవకుమారి చేతిని పెట్టించుకున్నాడు. చేతినీ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. ఇంతకాలంలో ఎప్పుడూ అంత శ్రద్ధగా తన వంక చూసిన గుర్తు లేదు ఆవిడకి. సిగ్గేసి వీధిలోకి చూసింది.

సరిపోయిందిగా అన్నాడాయన. దేవకుమారి కాగితం అందుకుని చూసింది. చాలా దగ్గరికొచ్చింది. అయినా కాదు.

"ఇంకొంచెం నలుపుంటానండి నేను."

ఆయన ఇంకొంచెం ముదురు చేసి వేశాడు, అదీ ఆరేదాకా ఆగారు. ఇంకొంచెం అంది. ఇంకు అయిపోతుందే అని ఆయన గొణిగాడు గానీ వేశాడు. ఆ మూడోది చేతి పక్కన పెడితే, ఎక్కడ చెయ్యి ఆగిందో ఎక్కడ కాగితం మొదలైందో తెలియకుండా కలిసిపోయింది. దేవకుమారి ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. ముసలిదై, కళ్ళ కింద గుంటలు పడి, నుదుటి మీద గీతలు పడి, అచ్చం తనలాగే ఉంది. ఇదేనండి అంది.

సన్మానం నాడు హాలు నిండింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. శాలువా కప్పారు. ఫోటో మీది తెర లాగితే చప్పట్లు మోగాయి గానీ, వాటి మధ్యలో ఒక చిన్న తడబాటు ఉంది. మాస్టారి చేతిలోంచి అలాంటి ఫోటో వచ్చి చాలా ఏళ్ళయింది. ముందు వరసలో ఆడవాళ్ళు ఒకళ్ళ వంక ఒకళ్ళు చూసుకుని, చాలా బాగుందండి అన్నారు. భోజనాలు మొదలయ్యాక ఆశాజ్యోతి టీచరుగారిని పక్కకి తీసుకెళ్ళింది. చెప్పాలా వద్దా అని నలిగి, పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ, గొంతు తగ్గించి చెప్పింది. ఏమనుకోకండి టీచరుగారండీ, మాస్టారుగారికి ఆపరేషనయ్యింది కదా, కన్ను ఇంకా కుదిరినట్టు లేదు, ఫోటోలో మీకు కలర్ బాగా తగ్గిపోయింది, రెండో కన్ను కూడా అయ్యాక ఇంకోటి వేయించి మారుద్దామా అని అడిగింది.

దేవకుమారి గోడ వంక చూసింది. అవతల బంతిలో కూర్చున్న జీవరాజు, విస్తరి వదిలేసి, ఈవిడ వంకే చూస్తున్నాడు.

"వద్దమ్మా," అంది. "ఆయనకి నేను ఇలాగే కనబడతాను."